వెనుక సీటు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
సాయి రాజు నడుమ శారద కూర్చుండె,
గంగ కుడిన నెవరు గానరారు,
నర్సు పక్క రాజు నవ్వుచు నుండగా
సాయి కెడమ నున్న జాణ యెవరు?

అవతారిక: సిరికొండలో మా అక్క ఇంటి అరుగు మీద మా మేనల్లుడు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ కోసం లాసెట్‌కు చదువుతున్నాడు. డిచ్‌పల్లిలో, తెలంగాణ విశ్వవిద్యాలయంలో సీటు వస్తే చాలంటాడు. ఒకే సీటింగ్ అరేంజ్‌మెంట్ బిట్టును పదకొండోసారి చేస్తుంటే చూడలేక, దాన్ని నేనే ఆటవెలదిలోకి దించాను. కవినీ వ్యాఖ్యాతనూ నేనే కనుక, కవిహృదయం అంతుపట్టలేదని తప్పించుకునే వీలు లేదు.

అధ్యాహారం: ఐదుగురూ నిజామాబాద్ పోయే బస్సులో వెనుక సీటు మీద వరుసగా, ముందుకు చూస్తూ కూర్చున్నారు. ఇది పద్యంలో లేదు. బస్సు గణాల్లో ఇమడలేదు.

ప్రతిపదార్థం: నడుమ = మధ్యన; ఆనుకునే ఉండాలా, మధ్యలో ఎక్కడున్నా సరేనా అన్నది వివాదం. కుడిన = కూర్చున్నవాళ్ల కుడివైపున. ఎదురుగా నిలబడ్డ కండక్టరుకు అది ఎడమే అయినా, కుడిఎడమలు రెండూ ఒక్కసారే తారుమారవుతాయి కనుక జవాబు కదలదు. గానరారు = కనపడరు, అంటే గంగది చివరి సీటు. నవ్వుచు = యతి కోసం; రాజు నవ్వడానికి వేరే కారణం లేదు. పరీక్ష పేపరులో ఇటువంటి మాటే సగం సమయం మింగుతుంది. జాణ = నేర్పరి. ఆడమనిషని పసిగట్టిన గడుసువాడు గంగను కొట్టేసి శారదను పట్టుకుంటాడు, లెక్క చేయకుండానే. దీన్ని కోచింగ్‌లో ఎలిమినేషన్ అంటారు. మేము చదువుకునే రోజుల్లో కాపీ అనేవారు.

అన్వయం: గంగ కుడి చివర. నర్సు రాజును ఆనుకునే ఉండాలి. ఎడమ నుంచి చూస్తే రెండే వరుసలు: సాయి, శారద, రాజు, నర్సు, గంగ, లేదా నర్సు, రాజు, శారద, సాయి, గంగ. మొదటిదాంట్లో సాయి ఎడమన కిటికీయే ఉంది. పద్యం 'ఉన్న' అంటోంది కనుక అది చెల్లదు. 'నడుమ'ను వదులుగా తీసుకుంటే రాజు, నర్సు, శారద, సాయి అనే వరుసా కుదురుతుంది. అప్పుడూ సాయి పక్కన శారదే.

తాత్పర్యం: శారద.

విశేషం: లాసెట్‌లో 90 నిమిషాలకు 120 బిట్లు. బిట్టుకు 45 సెకన్లు. తప్పుకు మార్కు కోత లేదు కనుక కాకతాళీయ న్యాయానికి పూర్తి గుర్తింపు ఉంది. అమెరికాలో ఎల్‌శాట్ అనే పరీక్షలో ఈ జాతి చిక్కులకే ఒక విభాగముండేది, లాజిక్ గేమ్స్ అని ముద్దుపేరు. బొమ్మ గీస్తే తప్ప తెగని ఆట చూపులేనివారికి అన్యాయమని ఒక అభ్యర్థి దావా వేశాడు. 2019లో రాజీ కుదిరింది. 2024 ఆగస్టు నుంచి ఆ విభాగమే లేదు. లా చదవాలంటే దాటాల్సిన గుమ్మాన్ని లాతోనే పడగొట్టారన్నమాట. మా అరుగు మీదికి ఆ రాజీ ఇంకా చేరలేదు.

ఇక అసలు వివాదం. చేసిందే పదకొండుసార్లు చేస్తే ఏమొస్తుంది?

మా అక్కది పిష్టపేషణ పక్షం. "పట్టిచ్చిన పిండిని మల్ల గిర్నిల పోస్తే ఏమొస్తదిరా?" అంది. ఆమెకు ఆ న్యాయం పేరు తెలియదు, అవసరమూ లేదు. బోధన్‌లో 2015లో మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీని తలుచుకుంటే నాకూ అదే తోచింది: చెరుకును ఒక మిల్లు తర్వాత ఇంకో మిల్లులో పిండుతూ పోతారు, ప్రతిసారీ రసం తగ్గుతుంది, చివరికి మిగిలేది పిప్పి.

మేనల్లుడిది స్థూణానిఖనన పక్షం. "మామా, గుంజ పాతినంక అటిటు ఊపి మల్ల దించమా?" అన్నాడు. వేదపాఠకులు జటలో ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు అని తిప్పితిప్పి చెప్పేదీ ఇందుకేగా అని నాకు తోచింది కానీ, వాడికి బలం చేకూర్చడం ఇష్టంలేక ఊరుకున్నాను.

తేల్చుకుందామని పేర్లు మార్చాను. బస్సును పసుపు యార్డుగా, మనుషులను ఐదు బస్తాలుగా, ఐదు ఊళ్ల పేర్లతో. నేను చదవడం మొదలుపెట్టకముందే వాడి చెయ్యి ఐదు గీతలు గీసేసింది. 40 సెకన్లలో జవాబు: "శారద!"

అక్కడ శారద లేదు. కానీ వాడు వేలు పెట్టిన గీత మాత్రం సరిగ్గా అదే, ఎడమ నుంచి మూడోది. ఈ సాక్ష్యాన్ని తల్లీకొడుకులిద్దరూ ఎవరికివారు తమదిగానే వాడుకుంటున్నారు.