కలుపు తీయని చెలకలో మూలకణాల విత్తనం

జనం పయోరియా అని పిలిచే చిగుళ్ల వ్యాధి, పంటిమీది పాచి గట్టిపడి గారగా మారినచోట సూక్ష్మజీవులు చేరగా, వాటితో శరీరం సాగించే పోరులో చిగురే కాక దంతమూలాన్ని దవడకు పట్టి ఉంచే నారపొర, దాని వెనుక ఎముక కూడా కరిగిపోయే జబ్బు. ఆ గారను గీకి తీసే విద్యను నార్కట్‌పల్లిలోనూ మహబూబ్‌నగర్‌లోనూ దంతవైద్య కళాశాలలు నేర్పుతూనే ఉన్నా, గీకుడు పనికి ప్రతిష్ఠ లేదు కనుక, పలురకాల కణాలుగా మారగల మూలకణాలను చిగుళ్లలో నాటితే పోయిన ఎముక మొలకెత్తుతుందన్న వాగ్దానం అంగడికెక్కింది.

వాగ్దానానికి పునాది లేదనడం అన్యాయం. ఆ నారపొరలోనే మూలకణాలున్నాయని 2004లో లాన్సెట్ పత్రికలో పరిశోధకులు చూపారు. అయితే 2016లో చైనాలో 30 మంది రోగులపై జరిపిన పరీక్షలో ఆ కణాలు హాని చేయలేదు గాని, కణాలు లేకుండా ఎముకపొడి మాత్రమే పెట్టినవారికన్నా చెప్పుకోదగినంత మేలూ చేయలేదు. మొదటి సంగతి కనబడి రెండోది కనబడని ప్రకటనకర్తలకు పంటివైద్యుడికన్నా కంటివైద్యుడి అవసరమే ఎక్కువ.

రాలిన పాలపన్నును ఇంటికప్పు మీదికి విసరడం మూఢాచారమని నవ్వేవారే, దాన్ని అందులోని మూలకణాల కోసం రుసుము కట్టి దాచుకోవడం విజ్ఞానమని మురిసిపోతారు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు పంటి కణాల వాణిజ్య నిల్వను అనుమతించలేదు; ఖర్చు లెక్కన చూసినా ఇంటికప్పే నయం.

నల్లగొండలో ఈ బేరానికి భాష కూడా తోడ్పడుతుంది. ఫ్లోరైడ్ నీటితో పండ్లకు పడే గోధుమరంగు మచ్చలనూ, పాచి గట్టిపడిన పెచ్చులనూ జనం గార అనే అంటారు. మొదటిది బాల్యంలో పన్ను చిగురులో దాగి తయారవుతున్నప్పుడే పైపొరకు పట్టిన లోపం, దానికి చిగుళ్లలో ఏ కణాన్ని నాటినా ఫలం లేదు. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించగా, అది నల్లగొండ టెక్నిక్ పేరుతోనే దేశదేశాల గ్రంథాలకెక్కింది. పటికకు హోర్డింగు కట్టినవారు మాత్రం ఎవరూ లేరు.

బీడీ, జర్దా మానకుండా, చక్కెర వ్యాధిని అదుపులో పెట్టకుండా, గార తీయించకుండా మూలకణాలు నాటడం కలుపు తీయని చెలకలో విత్తనం చల్లడమే. చిగుళ్లకు మూలకణ చికిత్స చేస్తామన్న చోట పాఠకులు ముందుగా క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ నమోదు సంఖ్య అడగాలి. పరీక్ష దశలో ఉన్న చికిత్సకు రోగి నుంచి డబ్బు తీసుకోకూడదు.