ఇచ్చట సొంత మాటలు అమ్మబడును

తెలుగు వాచకంలో పాఠం చివర పిల్లలకు ఒక ఆజ్ఞ ఉంటుంది: ఆలోచించి, సొంత మాటల్లో జవాబు రాయాలి. ఆరో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా మన పిల్లలు ఈ ఆజ్ఞను తు.చ. తప్పకుండా పాటిస్తారు. ఎంత నిష్ఠగా అంటే, ఆదిలాబాద్ పిల్లవాడి సొంత మాటలూ అచ్చంపేట పిల్ల సొంత మాటలూ కామాలతో సహా ఒక్కటే. పాఠం చదవగానే ఇన్ని వేలమందికి ఒకే భావం, ఒకే వరుసలో, ఒకే అచ్చుతప్పుతో తట్టడం మామూలు సంగతి కాదు. జాతీయ సమైక్యత గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఒకసారి ఏడో తరగతి నోట్సులు తిరగేస్తే వాళ్ల దిగులు తీరిపోతుంది.

ఈ సమైక్యతకు మూలపురుషుడు గైడు. జూన్‌లో బడి తెరిచేసరికి పాఠ్యపుస్తకాలు వచ్చినా రాకపోయినా, బుక్‌స్టాల్లో గైడ్లు మాత్రం దొంతర్లుగా దిగి ఉంటాయి. పిల్లవాడికి ఆ ఏడాది పొడుగునా కలగబోయే అభిప్రాయాలన్నీ అందులో ముందే అచ్చయి ఉంటాయి. కవిని ఎందుకు మెచ్చుకోవాలో ఉంటుంది. మీ ఊరి గురించి రాయమంటే మీ ఊరి గురించీ ఉంటుంది; ఊరి పేరు రాసుకోవడానికి చుక్కలు వదిలిపెడతారు. మీకు నచ్చిన పుస్తకం మీద సమీక్ష కూడా సిద్ధం. ఆ పుస్తకం చదవనక్కర్లేదు, నచ్చనూ అక్కర్లేదు.

గైడు కొనుక్కోలేని పిల్లలకు అన్యాయం జరగకూడదు కదా, అందుకని బడిలో డిక్టేషన్ ఉంది. టీచర్ చదువుతారు, పిల్లలు రాస్తారు. తర్వాత ఆ నోట్సులను టీచరే దిద్దుతారు. తాను చెప్పిన వాక్యం నలభై చేతిరాతల్లో తనకే తిరిగొస్తే, దానికింద ఎర్రసిరాతో ‘గుడ్’ అని రాస్తారు. తన రచనకు తానే ఇన్నిసార్లు కితాబిచ్చుకునే అదృష్టం జ్ఞానపీఠం వచ్చినవాళ్లకు కూడా ఉండదు. మరి పిల్లల నుంచి ప్రశ్నలు రావా అంటే, ఎందుకు రావు? ‘టీచర్, కొత్త పేజీలో రాయాలా?’ ‘హెడ్డింగు బ్లాక్ పెన్నుతోనా?’ ‘ఒక లైను వదలాలా?’ రాత విషయంలో పిల్లవాడికి మనం మిగిల్చిన నిర్ణయాలు ఈ మూడే. పాపం, అవి కూడా సొంతంగా తీసుకోవడానికి జంకుతాడు.

కాస్త ఖరీదైన బళ్లలో ఇలా ఉండదనుకుంటారు. వాళ్ల బ్రోషర్ల మీద ‘రైటింగ్ స్కిల్స్‌పై ప్రత్యేక శ్రద్ధ’ అని బంగారు రంగు అక్షరాలతో ఉంటుంది. వెళ్లి చూస్తే నాలుగు గీతల కాపీలో అక్షరాలన్నిటినీ ఒకే కోణంలో వాల్చడం నేర్పుతుంటారు. చేతిరాతకు వేసవి శిబిరాలున్నాయి, పోటీలున్నాయి, కప్పులున్నాయి. ఆ అందమైన చేతిరాతతో ఏం రాశాడో చదివిచూసే శిబిరం మాత్రం నా కంటపడలేదు. అదే బడిలో ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ మొదలవుతుంది కాబట్టి, పిల్లవాడి కలం ఎక్కువగా చేసేపని ఓఎంఆర్ షీటులో గుండ్రాలు నింపడం. గుండ్రంలో కర్తా ఉండదు, కర్మా ఉండదు, క్రియా ఉండదు. తప్పు రాసే ప్రమాదమే లేదు.

ఇక పేరా ప్రాణం తీసిన అసలు దోషి ‘పాయింట్లు’. పాయింట్లుగా రాస్తేనే మార్కులు పడతాయన్నది మన విద్యారంగంలో అన్ని యాజమాన్యాలూ, అన్ని సంఘాలూ ఏకగ్రీవంగా ఒప్పుకునే ఏకైక సత్యం. పేపర్లు దిద్దేవారికి చదివే తీరిక ఉండదట, వెతికే తీరిక మాత్రమే ఉంటుందట. అందుకని ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి, స్కెచ్ పెన్నుతో గీతలు కొట్టి, జవాబును కిరాణా చీటీలా పేర్చాలి. అంకె వేయగానే ‘అందువల్ల’, ‘అయితే’, ‘పైగా’, ‘అయినాసరే’ లాంటి మాటలకు పని పోతుంది. ఒక వాక్యం తర్వాత ఇంకో వాక్యం ఎందుకొచ్చిందో చెప్పాల్సిన బాధ్యత పిల్లవాడికి తప్పుతుంది. పేరా రాయడమంటే ఆ బాధ్యత మోయడమే అన్న సంగతి తెలిసినవాళ్లు మౌనంగా ఉంటారు, ఎందుకంటే వాళ్ల పిల్లలకూ మార్కులు కావాలి.

వ్యాసానికైతే పెట్టెలు ముందే కట్టి ఉంటాయి: ఉపోద్ఘాతం, లాభాలు, నష్టాలు, నివారణ మార్గాలు, ముగింపు. ప్లాస్టిక్ మీద రాయమన్నా, టెలివిజన్ మీద రాయమన్నా, సంక్రాంతి మీద రాయమన్నా అవే పెట్టెలు. అమ్మ మీద రాయమంటే పిల్లవాడు కాసేపు తికమకపడి ‘అమ్మ వల్ల లాభాలు’ అని ఉపశీర్షిక పెడతాడు. తర్వాతి పెట్టె దగ్గర కలం ఆగిపోతుంది.

ఆవు వ్యాసం కుర్రాణ్ణి మనం తరతరాలుగా ఎగతాళి చేస్తున్నాం. ఆవు మీద తప్ప ఏమీ రాని వాడికి పరీక్షలో కొబ్బరిచెట్టు మీద వ్యాసం అడిగితే, చెట్టును తీసుకొచ్చి దానికి ఆవును కట్టేసి, ఆ తర్వాత అంతా ఆవు గురించే రాశాడు కదా. ఇప్పటి ప్రమాణాలతో చూస్తే వాడు మహా రచయిత. చెట్టు నుంచి ఆవు దగ్గరికి ఎలా వెళ్లాలో తనే ఆలోచించాడు, ఆ తాడు తనే పేనాడు. ఆ మాత్రం అతుకు వేయగల పిల్లవాడు ఇప్పుడు దొరికితే జిల్లా స్థాయిలో సన్మానం చేయొచ్చు.

వ్యాకరణం చెప్పడం లేదా అంటే, పీకలదాకా చెబుతున్నాం. సంధులు వస్తాయి, సమాసాలు వస్తాయి, అలంకారాలు వస్తాయి. రెండు సామాన్య వాక్యాలిచ్చి కలపమంటే పిల్లలు కళ్లు మూసుకుని కలుపుతారు. రాము అన్నం తిన్నాడు, రాము బడికి వెళ్లాడు. రాము అన్నం తిని బడికి వెళ్లాడు. సంక్లిష్ట వాక్యం, ఒక మార్కు. ఎన్నో ఏళ్లుగా ఈ రాము అన్నం తింటూనే ఉన్నాడు, బడికి వెళ్తూనే ఉన్నాడు. బడికి వెళ్లాక ఏం జరిగిందో ఒక్క పుస్తకమూ చెప్పలేదు, ఒక్క పిల్లవాడూ అడగలేదు. మూడో వాక్యం అడిగితే అది వ్యాకరణం కాదు, సిలబస్‌లో లేదు. దాంతో ‘రాజేంద్రుడు’ అనగానే గుణసంధి అని అరిచే పిల్ల, తన పేరాలో వాక్యం ఎక్కడ అయిపోయిందో చెప్పలేదు. బిట్టు పేపర్లో వ్యాకరణం, జవాబులో గైడు. రెండింటికీ ముఖపరిచయం కూడా లేదు.

పొరపాటున ఒక పిల్ల నిజంగానే సొంతంగా రాసిందనుకుందాం. సంత గురించి అడిగితే ఇలా రాసింది: ‘బుధవారం సంతల మా అమ్మ ఎండుచాపలు కొంటది ఆ సంచి నాకే ఇస్తది నేను ముక్కు మూసుకుని నడుస్తుంటే అందరు నవ్వుతరు వాసన వస్తది.’ ఎర్రపెన్ను వెంటనే లేస్తుంది. ‘కొంటది’ కొట్టేసి ‘కొంటుంది’, ‘చాపలు’ కొట్టేసి ‘చేపలు’, ‘నవ్వుతరు’ కొట్టేసి ‘నవ్వుతారు’. చివర ఒక వ్యాఖ్య: సంత వల్ల కలిగే ప్రయోజనాలు రాయలేదు. ఐదుకు రెండు మార్కులు. పక్క బెంచీ పిల్లవాడు తమ ఊరి సంత ఎంతో శోభాయమానంగా ఉంటుందనీ, సకల వస్తువులు లభ్యమవుతాయనీ రాసి ఐదుకు ఐదు కొట్టేస్తాడు. వాడుండేది అపార్ట్‌మెంటులో, వాడు సంత ముఖం చూడలేదు.

ఆ పిల్ల పేరాలో తప్పులు లేవని నేననను. ఉన్నాయి, కానీ ఎర్రపెన్ను పడినచోట కాదు. నాలుగు వాక్యాలు ఊపిరాడకుండా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ముక్కు ఎందుకు మూసుకుందో చదివేవాడికి ఆఖర్న తెలుస్తోంది. ‘వాసన సంగతి ముందు చెబితే ఎలా ఉంటుంది? ఎక్కడెక్కడ ఆగాలో ఒకసారి పైకి చదివి చూడు’ అని పక్కన కూర్చుని అడిగితే చాలు, ఆ పిల్లే చుక్కలు పెట్టుకుంటుంది, వాసనను సంచి పక్కకు జరుపుకుంటుంది. పరీక్ష భాషలో ‘కొంటుంది’ అని రాయాలన్న సంగతి ఆ తర్వాత చెప్పొచ్చు, ఇంట్లో మాట్లాడే మాట తప్పని చెప్పకుండా. పేరా రాయడం నేర్పడమంటే ఇంతకుమించి పెద్ద రహస్యం లేదు. కానీ ఇలా చేస్తే ఆ పిల్ల వచ్చేసారి కూడా సొంతంగా రాసే ప్రమాదం ఉంది. మనం రెండు మార్కులేసి ఆ ముప్పు తప్పించాం. వచ్చే బుధవారం నుంచి ఆ పిల్ల సంత కూడా శోభాయమానంగా ఉంటుంది.

ఈ తగాదా మనకు కొత్తదేమీ కాదు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు కాంపొజిషన్ ఉపసంఘంలో గురజాడ అప్పారావు సుదీర్ఘమైన అసమ్మతి పత్రం రాశాడు. విద్యార్థులు ఎవరూ మాట్లాడని భాషలో రాయాలా, వాడుకలో ఉన్న భాషలో రాయాలా అన్నదే రగడ. అవతలి పక్షానికి జయంతి రామయ్య పంతులు పెద్ద. పర్లాకిమిడి నుంచి గురజాడ పక్షాన గిడుగు రామమూర్తి ఇంకో పని చేశాడు. గ్రాంథికమే రాయాలని శాసించే పండితులు తమ రాతల్లోనే ఆ గ్రాంథిక వ్యాకరణాన్ని ఎక్కడెక్కడ తప్పారో ఏరి చూపించాడు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ అని పుస్తకానికి పేరు కూడా పెట్టాడు.

చివరికి వాడుకభాష గెలిచిందనే చెప్పుకుంటున్నాం. గెలిచాక ఏం చేశాం? ఎవరూ మాట్లాడని గ్రాంథికాన్ని పంపించేసి, ఎవరూ మాట్లాడని గైడు భాషను కూర్చోబెట్టాం. ‘ఆదర్శంగా తీసుకోవాలి’, ‘మనందరి బాధ్యత’, ‘ఎంతగానో ఆకట్టుకుంటుంది’ అని ఏ ఇంట్లో ఏ పిల్లవాడు అన్నాడు? చిన్నయసూరి గ్రాంథికానికి కనీసం వ్యాకరణం ఉంది. ప్రతి ఆగస్టు 29న, గిడుగు పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవం చేసి వ్యాసరచన పోటీ పెడతాం. పిల్లలు గిడుగు మీద వ్యాసం బట్టీపట్టి వచ్చి అప్పజెబుతారు. మొదటి బహుమతి ఎవరికివ్వాలో తేలదు, ఎందుకంటే ముగ్గురిదీ ఒకటే వ్యాసం.

ఇప్పుడు కొత్తగా గగ్గోలు మొదలైంది: కృత్రిమ మేధ వచ్చి పిల్లల రాతను చెడగొడుతోందట, హోంవర్కు అంతా చాట్‌జీపీటీ రాసిపెడుతోందట. చెడగొట్టడానికి అక్కడ ఏం మిగిల్చామో గగ్గోలు పెట్టేవాళ్లు చెప్పాలి. ఆ యంత్రం నయం, అడిగినవాడికల్లా ఒక్కో రకంగా రాసిస్తుంది. మన గైడు రాష్ట్రమంతటికీ ఒక్కటే రాసిచ్చింది.

తప్పంతా టీచర్ల మీదికి నెట్టడం అన్యాయం. లెక్క చూడండి. సెక్షన్‌కు నలభైమంది, మూడు సెక్షన్లు, నూట ఇరవై పేరాలు. ఒక్కోదానికి మూడు నిమిషాలైనా పెట్టి నిజంగా చదివితే ఆరు గంటలు. అదే డిక్టేషన్ నోట్సయితే చదవనక్కర్లేదు, టిక్కు పెడుతూ పేజీ తిప్పేయడమే. పైగా ఆ టీచరే మధ్యాహ్న భోజనం లెక్కలు యాప్‌లో ఎక్కించాలి, ఎన్నికలొస్తే ఓటర్ల జాబితా పట్టుకుని గుమ్మాలెక్కాలి. పిల్ల సంచిలో ఎండుచేపల వాసన గురించి ఆలోచించే తీరిక వాళ్లకు మిగల్చనివాళ్లే, పిల్లలకు నాలుగు వాక్యాలు రాయడం రావడం లేదని సదస్సులు పెడుతుంటారు.

రాకపోతే నష్టమేముంది, తర్వాత కొనుక్కోవచ్చు. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపరుకు 150 మార్కులు. పన్నెండో ఏట ఉచితంగా రావాల్సిన పేరాను ఇరవై ఆరో ఏట హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకుని, ఫీజు కట్టి నేర్చుకుంటారు. అమెరికా వెళ్లేవాళ్లకు ఆ శ్రమ కూడా లేదు. తాము ఎందుకు చదవాలనుకుంటున్నారో యూనివర్సిటీకి చెప్పే వ్యాసాన్ని కన్సల్టెన్సీ వాళ్లు ప్యాకేజీలోనే కలిపి రాసిస్తారు. అది కూడా సొంత మాటల్లోనే ఉండాలని అక్కడివాళ్ల నిబంధన.

అయినా ఎక్కడో ఒక మొండి టీచర్ ఉండి, ఈ ఏడాది డిక్టేషన్ లేదు, పదిహేను రోజులకొక పేరా, రాసి చదివి మళ్లీ రాయడమే అన్నారనుకోండి. దసరా సెలవులనాటికి పిల్లవాడి పుస్తకంలో అరడజను పేరాలుంటాయి, సగం కొట్టివేతలతో. హెడ్మాస్టరు ‘సిలబస్ ఎక్కడిదాకా వచ్చింది?’ అంటారు. తనిఖీకి వచ్చిన అధికారి ఆ కొట్టివేతలు చూసి ‘నీట్‌గా లేదు’ అని రిజిస్టర్లో రాస్తారు. పేరెంట్స్ మీటింగులో ఓ తండ్రి ఆ పుస్తకం బల్లమీద పెట్టి నెమ్మదిగానే అడుగుతాడు: ‘ఏం టీచర్, పక్క సెక్షన్ పిల్లలు అప్పుడే మూడో నోట్సు కొన్నారు, మావాడిది సగం కూడా నిండలేదు. అసలు మీరు తెలుగు చెబుతున్నారా?’