డీబీఏ గారు డెయిరీ పెడితే

డీబీఏకి మాటలు తక్కువ. ఉన్నవాటిలో సగం ‘ఇప్పుడు కుదరదు’, మిగతా సగం ‘అప్రూవల్ మెయిల్ పంపండి’. కంపెనీ డేటాబేస్ తాళంచెవులు ఆయన మొలకు వేలాడుతుంటాయి కాబట్టి డెవలపర్లు ఆయన్ని చాటున తిట్టుకుంటారు, ఎదురుపడితే ‘అన్నా, ఒక్క ఇండెక్స్ వెయ్యవా’ అని బతిమాలుకుంటారు. సర్వర్ సవ్యంగా నడిచినన్నాళ్లూ ఆయన ఏ అంతస్తులో కూర్చుంటాడో మేనేజరుకు తెలియదు. నడవని రోజున రాత్రి రెండింటికి ఆయన తప్ప దేవుడు కూడా గుర్తురాడు.

అలాంటి రాత్రుల్లోనే ఆయనకు వైరాగ్యం పుడుతుంది. శనివారం రాత్రి ప్యాచింగ్ మొదలవుతుంది. బ్రిడ్జ్ కాల్‌లో జనమంతా మ్యూట్‌లో పెట్టుకుని కునుకు తీస్తుంటారు. సరిగ్గా అప్పుడే ఆర్కైవ్ లాగ్ నిండి డేటాబేస్ బిగుసుకుపోతుంది. తెల్లారాక ల్యాప్‌టాప్ మూసి, ఎర్రబడ్డ కళ్లతో భార్యకు ప్రకటిస్తాడు.

“ఇక లాభం లేదు. శంకర్‌పల్లి దగ్గర రెండెకరాలు చూసి డెయిరీ పెట్టేస్తాను.”

“పెడుదురుగానీ లెండి. ముందు పాల ప్యాకెట్ తీసుకురండి.”

ప్రతి డీబీఏ మనసులోనూ ఇలా ఇంకో బతుకుతెరువు స్టాండ్‌బైలో ఉంటుంది. డెయిరీ సంగతి చప్పున తేల్చేయొచ్చు. గేదె తెల్లవారుజామున నాలుగింటికి పితకమంటుంది. పండగని ఆగదు, లీవంటే వినదు, ఈనేటప్పుడు ముందుగా మెయిల్ పెట్టదు. ఆన్‌కాల్ డ్యూటీ తప్పించుకుందామని గేదెల్ని కొన్నవాడికి మిగిలేది అదే డ్యూటీ, కొత్తగా కొమ్ములొస్తాయి.

వృత్తి మార్చడం ఈ వంశంలో తప్పేమీ కాదు. మూలపురుషుడు ఎడ్గర్ కాడ్ రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో విమానాలు నడిపాడు. ఆ తర్వాత అమెరికా వెళ్లి, న్యూయార్క్‌లోని మేసీస్ దుకాణంలో కొన్నాళ్లు మగవాళ్ల క్రీడాదుస్తులు అమ్మాడు. ఐబీఎంలో చేరింది 1949లో. డేటాని పట్టికలుగా అమర్చుకుంటే చాలు, అది డిస్కులో ఏ మూలనుందో అడిగేవాడికి అక్కర్లేదు అంటూ ఆ ప్రసిద్ధ వ్యాసం అచ్చువేసింది 1970లో. ఆయనకు బట్టల కొట్టే నచ్చి ఉండిపోయి ఉంటే, అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఎన్నో కోచింగ్ సెంటర్ల బోర్డులు లేచేవే కావు. మన పిల్లలు స్కాట్ అని యూజర్ నేమూ, టైగర్ అని పాస్‌వర్డూ కొట్టి అక్షరాభ్యాసం చేసేవారే కాదు. (స్కాట్ అంటే ఒరాకిల్ తొలినాటి ఉద్యోగి బ్రూస్ స్కాట్. టైగర్ వాళ్లింటి పిల్లి. పిల్లి ఎదురొస్తే ప్రయాణం మానుకునే మనం, ఆ పిల్లి పేరు చెప్పుకునే అమెరికా చేరుకున్నాం.)

సరే, మూలపురుషుడి దారిలోనే మనవాణ్ణీ ఓ చీరల షాపులో కూర్చోబెడదాం.

“ఆ పై అరలోవన్నీ దించు నాయనా,” అంటుంది వచ్చిన పెద్దావిడ.

“ఏ రంగులో చూపించమంటారమ్మా?”

“అన్ని రంగులూ చూపించు.”

“ధర ఎంతలో?”

“ముందు చూడనీ.”

వేర్ క్లాజ్ లేని క్వెరీ అంటే డీబీఏకి ఒంటిమీద తేళ్లూ జెర్రులూ పాకుతాయి. మామూలు సేల్స్‌మన్ అయితే నవ్వుతూ అరలన్నీ ఖాళీ చేసి, పైగా కూల్‌డ్రింక్ తెప్పిస్తాడు. మనవాడు మాత్రం, “అన్నీ దించితే మిగతా కస్టమర్లంతా ఆగిపోతారమ్మా, లోడ్ తగ్గాక రాత్రి పదకొండింటికి రండి,” అంటాడు. యజమాని పరుగెత్తుకొచ్చి క్షమాపణ చెప్పుకుంటాడు. అయినా మనవాడు ఊరుకునే రకం కాదు. షాపు మూశాక కూర్చుని సరుకంతా నార్మలైజ్ చేస్తాడు. చీరలు ఒక గదిలో, జాకెట్టు ముక్కలు ఇంకో గదిలో, ఫాల్స్ మూడో గదిలో. దేనికేది జతో చెప్పే నంబర్లు ఒక పుస్తకంలో. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. మర్నాడు శ్రావణ శుక్రవారం రద్దీలో ఒక్క చీర అమ్మాలంటే ముగ్గురు కుర్రాళ్లు మూడు గదులకు పరుగులు తీయాలి. ఆ సాయంత్రానికే ఆయన ఉద్యోగం ఖాళీ.

ఆయనకు అచ్చంగా అతికే కొలువు ఒకటుండేది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1984లో రద్దు చేసేసింది. కరణీకం! భూమి రైతుది, కాగితం కరణానిది. ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో, ఎవరి హద్దు ఎక్కడ ముగుస్తుందో, శిస్తు ఎంత బాకీయో, ఊరు ఊరంతా ఆయన భోషాణంలో భద్రం. అడంగల్ చదవాలన్నా ఆయనే, అందులో ఒక ముక్క మార్చాలన్నా ఆయనే. ఆ గొలుసుకట్టు రాత ఇంకొకడికి కొరుకుడు పడదు కనుక ఎన్‌క్రిప్షన్ విడిగా కొననక్కర్లేదు. అడగడానికి వచ్చినవాడు అరుగు కింద నిలబడాలి. ‘రేపు రా’ అనేవాడు కరణం, ‘టికెట్ రెయిజ్ చెయ్యి’ అంటున్నాడు డీబీఏ. తేడా ఎక్కడంటే, కరణం గారి టికెట్టు ఓ గంప వంకాయలతోనో, నేతి గిన్నెతోనో క్లోజ్ అయ్యేదని ప్రతీతి. డీబీఏకి క్యాంటీన్ టీ ఇప్పించే నాథుడు లేడు. కరణాలు పోయారు, రికార్డులు కంప్యూటర్ ఎక్కాయి. 2020లో తెలంగాణకు ధరణి అనే భూరికార్డుల పోర్టల్ కూడా వచ్చింది. పేరు తప్పుపడ్డ రైతు అరుగు కింద నుంచి కదిలి మీసేవ కౌంటర్ ముందుకొచ్చి నిలబడ్డాడు. అప్‌డేట్ హక్కున్నవాడి ముందు నిలబడటం మాత్రం తప్పలేదు.

ఒంటిలైను మీద పాతకాలపు స్టేషన్ మాస్టరుగానూ పనికొచ్చేవాడు. అక్కడ రెండు స్టేషన్ల మధ్య రైలు కదలాలంటే డ్రైవరు చేతికి టోకెన్ గుండు అందాలి. నీల్స్ టోకెన్ యంత్రం ఒక్కసారికి ఒక్క గుండే ఇస్తుంది. అది అవతలి స్టేషన్ యంత్రంలో పడేదాకా రెండోది రమ్మన్నా రాదు. లాక్ అంటే ఇదే కదా అని మనవాడు పరవశించిపోతాడు. చిక్కల్లా అలవాటుతోనే. డేటాబేస్‌లో ఇద్దరు ఒకరి కోసం ఒకరు ఆగిపోతే, ఒకణ్ణి బలిచ్చి రెండోవాణ్ణి పంపేస్తారు. రైళ్ల విషయంలో ఆ పద్ధతిని శాఖాపరమైన విచారణలో సమర్థించుకోవడం కష్టం.

పౌరోహిత్యం కూడా ఆలోచించదగ్గదే. ఇద్దరికీ పని అర్ధరాత్రి ముహూర్తాల్లోనే, ఇద్దరికీ గడియ దాటితే కొంప మునుగుతుంది. కానీ జీలకర్ర బెల్లం పెట్టించే ముందు పెళ్లికొడుకు తండ్రిని పక్కకు పిలిచి, “రోల్‌బ్యాక్ ప్లాన్ ఏదండీ?” అని అడిగే పురోహితుణ్ణి రెండో పెళ్లికి ఎవరు పిలుస్తారు?

ఆయన అనుమానం ఊరికే పుట్టింది కాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో రాత్రి పొద్దుపోయేదాకా పనిచేసిన ఇంజినీరు ఒకాయన, ఒక సర్వర్‌లో ఉన్నాననుకుని ఇంకో సర్వర్‌లో అసలు డేటాని చెరిపేశాడు. డేటాని కాపాడటానికి అయిదు ఏర్పాట్లున్నాయి. తీరా అవసరానికి చూస్తే ఏ ఒక్కటీ నమ్మదగ్గ స్థితిలో లేదు. ఆరు గంటల ముందు తీసిన కాపీ ఒకటి దొరికి గట్టెక్కారు. అందుకే ‘బ్యాకప్ ఉంది’ అంటే డీబీఏ కరగడు. ‘రిస్టోర్ చేసి చూశావా?’ అంటాడు. ఇంట్లో రెండో గ్యాస్ సిలిండర్‌ని నెలకోసారి బిగించి వెలిగించి చూసే మనిషి ఆయనే. రేపు నిజంగా డెయిరీ పెట్టినా స్టాండ్‌బై గేదెను కొంటాడు, నెలకోసారి మెయిన్ గేదెను ఆపేసి దాని పాలతోనే ఊరంతా నడుస్తుందో లేదో పరీక్షిస్తాడు. పాలు పోయించుకునేవాళ్లకు ముందురోజు డౌన్‌టైమ్ నోటీసు కూడా వెళుతుంది.

కాబట్టి మీ చుట్టాల్లో డీబీఏ ఎవరైనా ఉద్యోగం మానేస్తానంటే కంగారుపడి నచ్చజెప్పకండి. సోమవారం ఉదయం స్టాండప్ కాల్‌తో ఆ వైరాగ్యం దిగిపోతుంది. ఈలోగా ఆదివారం ఖాళీగానే ఉంటాడు, మీ ఫోన్‌లోని పెళ్లి ఫొటోలిచ్చి రెండు చోట్ల దాచిపెట్టమనండి. తర్వాత తెరిచి చూసుకొమ్మని చెప్పనక్కర్లేదు, మీకు భోజనం పెట్టడం మర్చిపోయినా ఆ పని మాత్రం మర్చిపోడు.