ట్యాంకు మామ ఎడారి యాత్ర

బెంగళూరులో ఉద్యోగం, హిందూపురంలో చుట్టాలు, ఫోన్లో రాజస్థాన్ వీడియోలు. ఈ మూడూ ఒకే మనిషికి కలిసొస్తే ట్యాంకు మామ తయారవుతాడు. పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని, సీట్లు పీకించి, మడత మంచాలు, గ్యాసు పొయ్యి, నెత్తిన సోలార్ పలక, అడుగున వంద లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టిస్తాడు. దాన్ని క్యాంపర్ అనాలి. నోరుజారి వ్యాను అన్నవాళ్లకు ఆ పూట కాఫీ ఉండదు.

జైసల్మేర్ దాకా పోవడానికి సెలవు చాలదు. అందుకని ఎడారినే ఇంటి దగ్గరికి జరుపుకుంటాడు. వాన తక్కువలో జైసల్మేర్ తర్వాత అనంతపురమేనని మా వైపు చిన్నపిల్లలు కూడా అప్పజెబుతారు. మామకు ఆ ముక్క చాలు. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడుతుందనీ, జైసల్మేర్లో అందులో సగం కూడా పడదనీ ఏ మేనల్లుడైనా గొణిగితే "నువ్వు పోయి వెనక సీట్లో కూచో" అంటాడు. వెనక సీటెక్కడిది? అక్కడిప్పుడు సిలిండరు ఉంది.

ఆ ఎడారిలో మొదటి మజిలీ లేపాక్షి, బెంగళూరుకు 120 కిలోమీటర్లు. మామూలు మనిషి ఇంట్లో టిఫిను తిని బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి మళ్లీ ఇంటికి రాగలడు. మామకు ఒక్క పోవడానికే రెండు రోజులు. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమకు తిరగ్గానే నీళ్ల కోత మొదలవుతుంది. మొహానికి ఒక గ్లాసు, పళ్లకు అర గ్లాసు. "కరువు నేల ఇది, తమాషా కాదు" అంటాడు. శ్రీ సత్యసాయి జిల్లా అన్న బోర్డు కనబడితే మొహం చిట్లిస్తాడు. 2022లో జిల్లాలు చీల్చినవాళ్లు తన ఎడారికి ఆ పేరు పెడతారని ఆయన అనుకోలేదు.

టీకొట్టతను మాత్రం పిల్లల మొహాలు చూసి జాలిపడతాడు. "కొళాయి ఆడుంది, పట్టుకోండప్పా. ఇసక చూడాలంటే ఈడికెందుకొచ్చినారు? కణేకల్లు పక్కకు పోండి. వేదవతి ఇసక చేలమీదికొచ్చి పడతాంటే ఆడి రైతులు ఏడస్తాండారు." మామకు అది నచ్చదు. ఏడ్చే రైతులు వీడియోలో బాగుండరు.

లేపాక్షి గుడి దగ్గర మామలోని ఇంజనీరు నిద్ర లేస్తాడు. క్యాంపర్ ఆపిన ప్రతిచోటా చక్రాల కింద చెక్కలు పెట్టి, రసమట్టంతో వాలు సరిచూడటం ఆయనకు నిత్యకర్మ. అలాంటివాడికి నేలను పూర్తిగా ఆనని స్తంభం చూపిస్తే ఏమవుతుంది? జనం కింద తువ్వాలు దూర్చి ఇవతలికి లాగి దండం పెట్టుకుంటుంటే మామ రసమట్టం తీస్తాడు. తెల్లదొరల కాలంలో ఒక ఇంజనీరు దీని గుట్టు తేల్చబోయి స్తంభాన్ని కదిలించాడని అక్కడ చెప్పుకుంటారు. అది వినగానే మామ కళ్లలో చుట్టరికం మెరుస్తుంది. "బండిలో జాకీ ఉంది" అని మొదలెట్టేసరికి గైడు ఆయన భుజం పట్టుకుని కల్యాణ మంటపంవైపు నడిపిస్తాడు.

అత్త ఈ యాత్ర మొత్తంలో శ్రద్ధగా వినేది ఆ ఒక్క చోటే. అచ్యుతరాయల కాలంలో ఇక్కడ అధికారి అయిన విరూపణ్ణ రాజును అడక్కుండా ఖజానా సొమ్ము గుడికి పెట్టాడట. మంటపం సగంలో ఆగిపోయింది. శిక్షగా తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడని చెబుతూ గైడు ఎర్రటి మరకలు చూపిస్తాడు. అత్త మరకల్ని చూస్తుంది, తర్వాత మామను చూస్తుంది. క్యాంపరుకు ఏ ఫిక్సెడ్ డిపాజిట్ పగిలిందో ఇద్దరికీ తెలుసు. మామ గబగబా పిల్లల్ని నంది దగ్గరికి తోలుకుపోతాడు. అక్కడా మనశ్శాంతి లేదు. ఆ ఏకశిల నంది 27 అడుగుల పొడవు, క్యాంపర్ కంటే ఎక్కువ.

మధ్యాహ్నం పొయ్యిమీద ఉప్మా ఉడకదు. గాలి. పిల్లలు బాత్‌రూము అని చెప్పి జారుకుని హోటల్లో ఉగ్గాని, బజ్జీ తినొస్తారు. మామకు తెలియదనుకుంటారు గానీ మీసానికి మిరపకాయ బజ్జీ పొడి అంటించుకుని ముందే వచ్చినవాడు ఆయనే.

సాయంత్రానికి అసలు ఎడారి చూపిస్తానని పెనుకొండ వైపు తీసుకుపోతే అక్కడ గొల్లపల్లి జలాశయం. హంద్రీనీవా కాలువలో వచ్చిన కృష్ణా నీళ్లు. పిల్లలు కేరింతలు కొడతారు. మామ స్టీరింగు పట్టుకుని, ఎవరో ఇంట్లో దొంగతనంగా నీళ్లు పెట్టిపోయినట్టు చూస్తాడు.

చివరికి శనక్కాయ పీకేసిన ఒక బీడు చేను దొరుకుతుంది. రాత్రికి ఐదొందలని రైతుతో ఒప్పుకుని చెక్కలు, రసమట్టం దించుతాడు. పక్క చేలో గొర్రెల మంద. దాని యజమాని ఒక కురుబ పెద్దాయన, ఒంటిమీద గొంగడి, పక్కన సద్దిమూట, నీళ్ల బుర్ర. ఆయన క్యాంపింగు సామాను అంతే. నెలల తరబడి ఊళ్లు తిరిగేది దాంతోనే.

"ఎట్లప్పా, మీకు రేత్రికి రైతు ఎంతిస్తాడు?" అంటాడాయన.

మామకు అర్థం కాదు. చేలో మంద నిలిపితే పెంటికలు ఎరువవుతాయి గనక రైతే డబ్బో గింజలో ఇస్తాడని పెద్దాయన వివరిస్తాడు. తాము పడుకోవడానికి తామే ఐదొందలు ఇస్తున్నామని మామ చెబితే ఆయన చాలాసేపు ఆలోచిస్తాడు.

"మీ బండి ఎరువు ఎయ్యదు గదా, అందుకేమో."

లోపల్నుంచి అత్త తల బయటపెడుతుంది. "వేస్తుందన్నా. ఆ బాత్‌రూము డబ్బా ఎక్కడ పారబోయాలో తెలీకే హిందూపురం నుంచి మోసుకు తిప్పుతున్నాడు!"

మామ అప్పటికే ఫోను తీసి, ఎకరాకు ఎంత గిట్టుబాటవుతుందో లెక్క వేస్తున్నాడు.