కాలిబాట ఉంది... కాలికే చోటు లేదు!

కాలిబాట మీద అడ్డంకుల్లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు అంటుంది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. మన ఇంజినీర్లు వెడల్పు అక్షరాలా పాటించారు. అందులో ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక మీటరు, మిగిలింది ఇడ్లీ బండికి. ఎత్తు మాత్రం మోకాలిదాకా లేపారు. బైకులు ఎక్కకుండానట! బైకులకేం, షాపాయన సిమెంటుతో ర్యాంపు పోయించాడు. పింఛను కోసం బయల్దేరిన ముసలమ్మకే ఎవరూ పోయించలేదు.

సైకిలంటే మాత్రం సార్లకు మహా గౌరవం. 2020లో కేంద్రం ‘సైకిల్స్ ఫర్ చేంజ్’ పోటీ పెడితే వరంగల్ సహా చాలా నగరాలు బరిలోకి దిగాయి. ఇక ఏటా జూన్ 3న, అంటే ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, టోపీలు పెట్టుకుని ర్యాలీలు. సైకిళ్లు డీసీఎం వ్యానులో దిగుతాయి, సార్లు ఇన్నోవాల్లో దిగుతారు. ఫొటో అయ్యాక ఎవరి బండి వాళ్లదే. నిత్యం సైకిల్ తొక్కుకుంటూ పనికెళ్లే తాపీమేస్త్రీకి మాత్రం ఆ పూట ట్రాఫిక్ మళ్లింపు.

అడ్డులేని కాలిబాట 21వ అధికరణ కింద పౌరుడి హక్కేనని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. మా వార్డు నేత ఊరుకుంటాడా? ‘నడక మీ హక్కు’ అంటూ తన నిలువెత్తు ఫొటోతో ఫ్లెక్సీ కట్టించాడు.

ఎక్కడంటారా? ఇంకెక్కడ, కాలిబాటకు అడ్డంగా!