బుడ్డి బరువు

నగర్తపేటలో ఒక కంసాలి ఇల్లు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టాలని కొడుకులు అటక ఖాళీ చేస్తున్నారు.

ఆ ఇంట్లో మగపిల్లలకు మీసం మొలవగానే చెప్పే మాట ఒకటుంది: "తాగావంటే మీ తాత గతే!" ఆయన చేతులకు వణుకు పట్టింది. పని ఇచ్చేవాళ్లు మానేశారు. అంగడి మూతపడింది.

అటక మీద గీటురాయి, ఊదుగొట్టం, లెక్కల పుస్తకం దొరికాయి. వాటి వెనక ఒక ఇంకుబుడ్డి, మూతకు మైనం. అరచేతిలో ఇమిడేంత ఉంది, ఎత్తితే కిలో తూగేలా ఉంది. చిన్నకొడుకు మూత తిప్పబోయాడు.

"చిన్నాన్నా, తిప్పొద్దు! ముందు ఉంగరం తీసెయ్," అంది కెమిస్ట్రీ చదివే మనవరాలు.

లోపలున్నది పాదరసం. నీటికి 13 రెట్లకు పైగా బరువు. బంగారానికి తగిలితే పట్టేస్తుంది. ఒలికిందని చీపురుతో ఊడిస్తే పూసలు పూసలుగా విడిపోయి గదంతా పరుచుకుంటుంది. దాని ఆవిరి కంటికి కనపడదు, ముక్కుకు తెలియదు.

మనవరాలు పిల్లల్ని బయటికి పంపింది. కిటికీలు తెరిచింది. చేతులకు తొడుగులు వేసుకుని బుడ్డిని కదలకుండా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, చుట్టూ ఇసుక పోసి, మూత బిగించింది. మోరీలో పారబోయకూడదంది. ఎవరికి అప్పగించాలో కనుక్కోవడానికి కాలుష్య నియంత్రణ మండలికి ఫోన్ చేయించింది.

తర్వాత లెక్కల పుస్తకం తెరిచింది. మొదటి పేజీల్లో అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నాయి. నడుమ నుంచి దేవుడి కవచాలకు పూత పనులు మొదలయ్యాయి. అక్కడి నుంచి గీత వంకర పోయింది. చివరి పేజీల్లో 8 అంకె ఒక్కటీ మూసుకోలేదు.

"అవ్వా, తాత పూత ఎట్లా వేసేవాడు?"

"బంగారం రసంలో కలిపి, వెండికి పూసి, నిప్పుల మీద పెట్టేవాడు. రసం పొగైపోయేది, బంగారం నిలిచేది. రజను ఎగిరిపోతుందని కిటికీ తీయనిచ్చేవాడు కాదు."

"ఆ పొగకే అవ్వా చేతులు వణికేది. ఒకప్పుడు ఇంగ్లండులో టోపీలు చేసేవాళ్లకూ పాదరసంతోనే ఈ వణుకు వచ్చింది."

అవ్వ పుస్తకం వంక చూసింది.

"రోజూ రాత్రి నోరు వాసన చూశాకే కంచం పెట్టేదాన్ని," అంది. "ఒక్కనాడూ సారా వాసన రాలేదు."