చెద పట్టిన టేకు

ఇల్లు కట్టే మేస్త్రీకి మనం డబ్బిచ్చి మరీ దెబ్బ తింటాం. కూల్చే కాంట్రాక్టరు అలా కాదు, తనే ఎదురు డబ్బిచ్చి దెబ్బ కొడతాడు. డెల్టా ఊళ్లలో గొడ్లు ఏనాడో పోయినా గొడ్లచావిళ్లు ఇంకా నిలబడే ఉన్నాయి. ఇప్పుడు వాటి మీద ఈ మహానుభావుల చల్లని చూపు పడింది.

వచ్చీ రాగానే ఆయన గోడల వంక చూడడు, పైకి చూస్తాడు. దూలాన్ని వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, నాడి చూసిన ఆచారిగారిలా పెదవి విరుస్తాడు. "మొత్తం చెదేనండీ బాబూ. లోపలంతా డొల్ల. మీ మొహం చూసి ఓ పదివేలిస్తాను, కలప నాకొదిలెయ్యండి." చెద పట్టిన కర్రకు పదివేలా అని లోలోపల మురిసిపోయి, బేరమైనా ఆడకుండా సరేనంటాం. టేకుకు చెద అంత తేలిగ్గా పట్టదనీ, తాతలు ఏరికోరి అది వేయించింది అందుకేననీ ఆ క్షణాన గుర్తుకు రాదు. నెల తిరిగేసరికి అదే దూలం హైదరాబాద్‌లో ఏ కాఫీ షాపులోనో బల్లయి కూర్చుంటుంది. అక్కడ దాని పేరు యాంటిక్. చెద దారిలో ఎక్కడో దిగిపోయినట్టుంది.

పని మాత్రం శ్రద్ధగా చేస్తాడు, కాదనకూడదు. పెంకు పగలకుండా దింపిస్తాడు, మేకు వంగకుండా లాగిస్తాడు. తనవన్నీ లారీ ఎక్కాకే జేసీబీ వస్తుంది. అది గోడలు పడగొట్టి, ఆ ఊపులో పక్కింటి ప్రహరీ కూడా పడగొడుతుంది. అదేమంటే "అదీ పాతదేగా బాబుగారూ" అంటాడు.

కూల్చివేత వ్యర్థాలను వేరు చేయాలనీ, డ్రైన్లకూ రాకపోకలకూ అడ్డంగా పోయకూడదనీ కేంద్రం 2016లోనే నిబంధనలు పెట్టింది. మనవాడు అందులో సగం అక్షరాలా పాటిస్తాడు. కలప ఒక లారీ, పెంకులు ఒక ట్రాక్టరు, ఇనుము ఒక ఆటో. వేరు చేయడం పూర్తయింది. మరి మిగిలిన మట్టీ, ఇటుక ముక్కలూ? "అది మన మాటల్లో లేదండీ." నోయిడాలో 2022 ఆగస్టు 28న జంట టవర్లు సెకన్లలో కూలాయి, ఆ శిథిలాలు ఎత్తడానికి నెలలు పట్టింది. అక్కడ కూల్చమన్నది సుప్రీంకోర్టు కాబట్టి అందరి కళ్లూ ఆ గుట్ట మీదే ఉన్నాయి. మన చావిడి గుట్టను చూసేది పంచాయతీ ఒక్కటే, నోటీసు వచ్చేది మన పేరు మీదే. ఎత్తించాలంటే ట్రిప్పుకింతని మరో ట్రాక్టరు పెట్టాలి. ఆ బిల్లు పదివేలూ దాటిపోతుంది. ట్రాక్టరు ఎవరిదని ఆరా తీస్తే, కాంట్రాక్టరుగారి బావమరిదిది.

చావిడి పడగొట్టించాలనుకునేవాళ్లు డబ్బు పుచ్చుకునే ముందే శిథిలాలు ఎవరెత్తాలో, ఎక్కడ పోయాలో కాగితం మీద రాయించుకోండి. ఇక దూలానికి చెద పట్టిందన్నాడా, "అయ్యో, మీకెందుకండీ నష్టం, ఇక్కడే వదిలేసి వెళ్లండి" అనండి. రేటు అక్కడికక్కడే పెరుగుతుంది.